లాయర్, సర్వేయర్, ఇంజనీర్ తప్పు వల్ల ఆస్తిలో నష్టపోయారా? పరిహారం కేసు ఎలా నడపాలి: సమగ్ర మార్గదర్శి

"ప్లాటు కొనేముందు లాయర్‌కి కాగితాలన్నీ చూపించాం, క్లియర్‌గా ఉంది కొనుక్కోండి అన్నారు, ఇప్పుడు ఎవరో వచ్చి ఈ స్థలం మాది అంటున్నారు. ఆ లాయర్ మీద కేసు వేయొచ్చా?" ఈ ప్రశ్న నన్ను నెలకి రెండు మూడు సార్లయినా అడుగుతున్నారు. కొందరికి లాయర్‌తో కాదు, హద్దులు తప్పుగా చూపించిన సర్వేయర్‌తో, లేదా పిల్లర్ల డిజైన్ తప్పుగా ఇచ్చిన ఇంజనీర్‌తో ఇబ్బంది.

వేయొచ్చు. చట్టం ఉంది. కానీ చాలామంది తప్పు చోటికి వెళ్తారు, లేదా ఆలస్యంగా వెళ్తారు, లేదా చేతిలో కాగితం లేకుండా వెళ్తారు. నేను లాయర్‌ని కాదు, మా బాబాయి కేసులో దాదాపు నాలుగేళ్లు ఫైలు పట్టుకుని తిరిగినవాణ్ని. అక్కడ నేర్చుకున్నది, ఆ తర్వాత అడిగినవాళ్ల కోసం చదివి తెలుసుకున్నది వరుసగా రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ పనికొస్తుంది.

1. ముందు ఇది నిర్లక్ష్యమేనా అని తేల్చుకోండి

నష్టం వచ్చిన ప్రతిచోటా నిర్లక్ష్యం ఉండదు. ఒకే డాక్యుమెంట్‌ని ఇద్దరు మంచి లాయర్లు రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు, దాన్ని కోర్టు తప్పుగా చూడదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడుందో చెప్పింది. అది డాక్టర్ల కేసే, కానీ అందులో వృత్తి నిపుణులందరి గురించీ మాట్లాడారు. తనకు ఉందని చెప్పుకున్న నైపుణ్యం అసలు లేకపోవాలి, లేదా ఉండి కూడా ఆ వృత్తిలోని మామూలు మనిషి చూపించేంత శ్రద్ధ చూపించకపోవాలి. ఈ రెండింట్లో ఒకటి ఉంటేనే నిర్లక్ష్యం.

కాబట్టి కాగితం తీసుకుని ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు రాయండి. నోటితో కాదు, రాయండి.

- ఆ పని మీ కోసం చేస్తానని ఒప్పుకున్నారా? ఫీజు ఎవరిచ్చారు, ఎంత?
- మామూలుగా చేయాల్సిన ఏ పని చేయలేదు? "సరిగ్గా చూడలేదు" అని రాస్తే లాభం లేదు. "సర్వే నంబర్ మీద ఈసీ తీయలేదు" అని రాయాలి (ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా).
- ఆ విషయం ముందే చెప్పి ఉంటే మీరు కొనేవారు కాదని చూపించగలరా?
- నష్టం రూపాయల్లో ఎంత?

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ కేసులు పడిపోతాయి. అడ్వాన్స్ ఇచ్చేసి, అగ్రిమెంట్ అయిపోయి, రిజిస్ట్రేషన్‌కి రెండు రోజుల ముందు "ఒకసారి చూడండి సార్" అని లాయర్ దగ్గరికి వెళ్లారనుకోండి. అవతలి వాళ్లు "వీళ్లు ఎలాగూ కొనడానికే సిద్ధమయ్యారు" అంటారు. అలాంటప్పుడు "మీరు క్లియర్ అంటేనే మిగతా డబ్బు కడతాం" అన్న మెసేజ్ ఒక్కటి ఉన్నా కేసు నిలబడుతుంది.

ఇంకో మాట. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి టైటిల్ క్లియర్ అనుకుని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. బ్యాంకు ప్యానెల్ లాయర్ ఇచ్చే ఒపీనియన్ బ్యాంకు కోసం. ఆ ఫీజు మీ ఖాతాలోంచే కట్ అయినా సరే, ఆయన జవాబుదారీ ముందుగా బ్యాంకుకే. దాని మీద మీరు కేసు వేయడం పూర్తిగా అసాధ్యం కాకపోయినా చాలా కష్టం. కొనబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మీ పేరు మీద, మీ ఫీజుతో, విడిగా ఇంకో ఒపీనియన్ తీసుకోండి.

2. మొదటి వారం: గొడవ వద్దు, కాగితాలు పోగేయండి

విషయం తెలియగానే కోపంతో ఆఫీసుకి వెళ్లి అరిచేస్తాం. సహజమే. కానీ ఆ రోజు నుంచే అవతలివాళ్లు జాగ్రత్తపడిపోతారు. ఫోన్ ఎత్తరు, ఫైలు దొరకడం లేదంటారు. ముందు మీ చేతిలోకి రావాల్సినవి రానివ్వండి.

- లీగల్ ఒపీనియన్, సర్వే రిపోర్టు, స్ట్రక్చరల్ డ్రాయింగ్ లేదా వాల్యుయేషన్ రిపోర్టు. సంతకం, తేదీ, స్టాంపు ఉన్న కాపీ
- ఫీజు కట్టిన రుజువు: రసీదు, ఫోన్‌పే హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్
- వాట్సాప్ చాట్, వాయిస్ మెసేజ్‌లు, మెయిల్స్
- మీరు వాళ్లకి ఇచ్చిన కాగితాల జాబితా (మీరు దాచిపెట్టిన కాగితం వల్లే తప్పు జరిగిందని వాళ్లు అనబోతారు, గుర్తుంచుకోండి)
- సేల్ డీడ్, అగ్రిమెంట్, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత డాక్యుమెంట్లు)
- సమస్య ఏ రోజు, ఎవరి ద్వారా తెలిసిందో చెప్పే కాగితం: అవతలివాళ్ల నోటీసు, కోర్టు సమన్లు, ఫొటోలు

మా బాబాయి దగ్గర ఫీజు రసీదు లేదు. 5 వేలు చేతికిచ్చాడు. ఒపీనియన్ మాత్రం మూడు పేజీలు ఉంది. దాంతోపాటు మమ్మల్ని కాపాడింది ఒక వాయిస్ మెసేజ్: "ఈసీ క్లీన్‌గా ఉందండీ, ధైర్యంగా కొనుక్కోండి." పదకొండు సెకన్లు. బాబాయి ఫోన్ మార్చినప్పుడు ఆ చాట్ పోయింది. అదృష్టం కొద్దీ ఆ రోజే సంతోషంగా పిన్నికి ఫార్వర్డ్ చేశాడు, పిన్ని ఫోన్‌లో దొరికింది. అయినా ఫార్వర్డ్ చేసిన మెసేజ్ ఎప్పుడూ అసలంత గట్టిగా నిలవదు. అందుకే చెప్తున్నాను, ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి, చాట్‌ని బ్యాకప్ తీసి ఇంకోచోట కూడా పెట్టండి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. పాత 65బి సర్టిఫికెట్ స్థానంలో వచ్చిందిది. స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి పెడితే సరిపోదు.

లాయర్ దగ్గర మీ ఒరిజినల్స్ ఉండిపోయి "బాకీ ఫీజు కడితే ఇస్తా" అంటున్నారా? ఫీజు బాకీ ఉందన్న కారణంతో క్లయింట్ కాగితాలు ఆపుకునే హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఈ సంగతి ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే చాలాసార్లు ఫైలు వచ్చేస్తుంది.

3. అసలు తప్పు ఎక్కడ జరిగిందో రికార్డులతో పట్టుకోండి

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే భాగం ఇది. ఓపిగ్గా చేయండి.

ఒపీనియన్‌లో ఏమేం చూశానని లాయర్ రాశారో ఆ ప్రతి కాగితాన్నీ మీరు మళ్లీ కొత్తగా తీయించాలి. ఈసీ, పాత డాక్యుమెంట్ల సర్టిఫైడ్ కాపీలు (సీసీ నకళ్లు), భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డులు, అంటే ఆంధ్రలో అయితే అడంగల్, 1బి, తెలంగాణలో అయితే పహాణీలు, పాతవి కావాలంటే సేత్వార్, ఖాస్రా పహాణీ. హద్దుల గొడవ అయితే ఎఫ్ఎంబీ లేదా టిప్పన్ (సర్వే నంబర్ హద్దుల కొలతలు చూపే పటం) నకలు, దాంతోపాటు మీసేవలో ఎఫ్‌లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి ప్రభుత్వ సర్వేయర్‌తో కొలిపించుకున్న రిపోర్టు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా (22ఎ) లో ఆ సర్వే నంబర్ ఉందేమో చూడండి. ఈకోర్ట్స్ సైట్‌లో అమ్మినవాళ్ల పేరుతో, వాళ్లకి అమ్మినవాళ్ల పేరుతో కేసులు వెతకండి.

తర్వాత ఒక తెల్లకాగితం మీద రెండు గళ్లు గీయండి. ఎడమవైపు "ఒపీనియన్‌లో ఉన్నది", కుడివైపు "రికార్డులో ఉన్నది".

బాబాయిది 267 గజాల ప్లాటు, 2019 జూన్‌లో కొన్నాడు. ఒపీనియన్ రెండో పేజీలో మూడో పేరా: "1-1-1994 నుంచి ఈసీ పరిశీలించాను, ఎలాంటి లావాదేవీలూ లేవు." ఆ వాక్యం మేము ఎన్నిసార్లు చదివామో. వేరే లాయర్‌గారు ఒకసారి చూసి, పెన్నుతో "1994" కింద గీత గీసి, "ఏ నంబర్ మీద వెతికారు?" అని అడిగారు. ఈసీ ప్లాటు నంబర్ మీద తీశారు! లేఅవుట్ వేసిందే 1994లో, అంతకుముందు అది పొలం, దానికి ప్లాటు నంబర్ ఎక్కడిది? సర్వే నంబర్ మీద 1983 నుంచి మళ్లీ తీయిస్తే 1987లో అదే పట్టాదారు 20 గుంటలు వేరేవాళ్లకి రిజిస్టర్ చేసి ఇచ్చిన డాక్యుమెంట్ బయటపడింది. బాబాయి ప్లాటు ఆ 20 గుంటల్లోనే ఉంది.

"లాయర్ సరిగ్గా చూడలేదు" అని ఏడాది తిరిగినా ఎవరూ పట్టించుకోరు. "సర్వే నంబర్‌పై ఈసీ తీయకుండా ప్లాటు నంబర్‌పై మాత్రమే తీశారు, 1994కి ముందు రికార్డు చూడలేదు" అంటే అది కేసు.

మామూలుగా దొరికే తప్పులు:

- ఈసీలో సబ్‌డివిజన్ నంబర్ వదిలేయడం, లేదా పాత ఇంటి నంబర్‌తో చూడకపోవడం
- జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మిన గొలుసును అసలు టైటిల్‌గా లెక్కించడం. సేల్ అగ్రిమెంట్, జీపీఏ, విల్లు కలిపి ఇచ్చినంత మాత్రాన హక్కు బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే తేలింది
- అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) అని గుర్తించకపోవడం (1977 చట్టం కింద దాని బదిలీ మామూలుగా చెల్లదు)
- వారసుల్లో ఒకరి సంతకం లేకపోయినా పట్టించుకోకపోవడం
- ఇంజనీర్ల విషయంలో సాయిల్ టెస్ట్ లేకుండా పునాది డిజైన్ ఇవ్వడం
- సర్వేయర్ల విషయంలో పొలం గట్టును చూసి కొలవడం, ఎఫ్ఎంబీతో సరిపోల్చకపోవడం

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే వస్తాయి. రిజిస్టర్ కాని విల్లు, నోటిమాట పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించవు. ఎవరో బీరువాలోంచి తీసిన రిజిస్టర్ కాని విల్లు వల్ల నష్టం వస్తే దానికి లాయర్‌ని తప్పుపట్టడం కష్టం.

4. ఎవరి మీద, ఎక్కడ కేసు

ఇక్కడ తప్పు అడుగు వేస్తే రెండు మూడేళ్లు పోతాయి.

లాయర్ మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లకండి. 2024 మే 14న సుప్రీంకోర్టు డి.కె. గాంధీ కేసులో లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకి రావని తేల్చింది. ఇంటర్నెట్‌లో పాత వ్యాసాలు ఇంకా "కన్స్యూమర్ కోర్టుకి వెళ్లండి" అనే చెప్తున్నాయి, నమ్మకండి. లాయర్ నుంచి పరిహారం కావాలంటే సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయాలి. దానికి ఆధారం గట్టిగానే ఉంది: లాయర్ అన్న ఒక్క కారణంతో వృత్తిలో చేసిన నిర్లక్ష్యానికి దావా నుంచి మినహాయింపు లేదని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టం సెక్షన్ 5 చెప్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 212 కూడా చూడమని మీ లాయర్‌కి చెప్పండి.

క్రమశిక్షణ చర్య కావాలంటే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు దాకా ఉంటుంది. కానీ అక్కడ మీ నష్టం డబ్బు రాదు. ఇది తెలియక మూడేళ్లు బార్ కౌన్సిల్ చుట్టూ తిరిగి, ఈలోపు సివిల్ దావాకి గడువు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ప్రైవేటు సర్వేయర్, ఇంజనీర్, ఆర్కిటెక్ట్, వాల్యూయర్ మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు చెల్లించిన ఫీజును బట్టి ఉంటుంది, మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 50 లక్షల దాకా జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. ఇంజనీర్‌కి 40 వేలు ఫీజు ఇచ్చి, 30 లక్షల నష్టం జరిగినా జిల్లా కమిషనే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి ఫీజే లేదు. ఆర్కిటెక్ట్ అయితే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కి విడిగా ఫిర్యాదు కూడా చేయొచ్చు.

బిల్డర్ లేదా లేఅవుట్ ప్రమోటర్ మీద అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ). ఆ ప్రాజెక్టు భూమి టైటిల్‌లోనే లోపం ఉంటే రెరా చట్టం సెక్షన్ 18(2) కింద పరిహారం అడగొచ్చు, ఆ క్లెయిమ్‌కి కాలపరిమితి అడ్డు రాదని చట్టమే చెప్పింది. ఈ ఒక్క వాక్యం చాలామంది లాయర్లు కూడా చెప్పరు. కట్టడంలో స్ట్రక్చరల్ లోపం అయితే స్వాధీనం తీసుకున్న 5 ఏళ్లలోపు సెక్షన్ 14(3).

అమ్మినవాణ్ని వదిలేయకండి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(2) ప్రకారం తనకు అమ్మే హక్కు ఉందని అమ్మినవాడు హామీ ఇచ్చినట్టే లెక్క. మీ సేల్ డీడ్‌లో "ఏవైనా తగాదాలు వస్తే నా సొంత ఖర్చుతో పరిష్కరించి..." అనే పేరా కూడా ఉండే ఉంటుంది. మొదటి బాధ్యుడు ఆయనే.

సబ్‌రిజిస్ట్రార్ మీద మాత్రం టైమ్ వృథా చేసుకోకండి. రిజిస్ట్రేషన్ చేయడం అంటే టైటిల్‌కి గ్యారంటీ ఇవ్వడం కాదు, మంచి నమ్మకంతో చేసిన పనికి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 86 రక్షణ ఉంది.

పోలీస్ కేసు? లాయరో వాల్యూయరో అమ్మినవాడితో కుమ్మక్కయ్యారనడానికి రుజువు ఉంటేనే. 2012లో హైదరాబాద్‌లోని ఒక బ్యాంకు బ్రాంచికి ప్యానెల్ లాయర్ ఇచ్చిన ఒపీనియన్ల మీద సీబీఐ పెట్టిన కేసులో సుప్రీంకోర్టు, ఒపీనియన్ తప్పయినంత మాత్రాన నేరం కాదు, కుట్రలో భాగమని ఆధారం ఉండాలి అంది. ఆధారం లేకుండా పెట్టిన క్రిమినల్ కేసు కొట్టేస్తే, దాని ప్రభావం మీ సివిల్ కేసు మీద కూడా పడుతుంది.

5. గడువు లెక్క ఈరోజే వేయండి

- సివిల్ దావా: మామూలుగా 3 ఏళ్లు
- వినియోగదారుల కమిషన్: 2 ఏళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే క్షమించే అధికారం కమిషన్‌కి ఉంది
- బార్ కౌన్సిల్: దీన్ని మీ సివిల్ గడువుతో కలపకండి

మీరు తెలిసిన రోజు నుంచి లెక్కేసుకుంటారు. అవతలివాళ్లు తప్పు జరిగిన రోజు నుంచి, అంటే ఒపీనియన్ తేదీ నుంచి లెక్కేస్తారు. ఒప్పందం ఉల్లంఘన కింద దావా వేస్తే లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 55 ప్రకారం వాళ్ల వాదనకే బలం ఉంటుంది. మోసం చేసి విషయం దాచిపెడితే సెక్షన్ 17 వల్ల తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది, కానీ మోసం నిరూపించాలి. కాబట్టి రెండు తేదీల్లో ఏది ముందొస్తే దాన్నే మీ ఆఖరి తేదీగా పెట్టుకోండి.

బాబాయికి విషయం తెలిసింది 2022 మార్చిలో. ఒపీనియన్ తేదీ నుంచి చూస్తే జూన్‌తో మూడేళ్లు. ఆ మూడు నెలలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కానీ గడువులోపే దావా వేశాం కాబట్టి ఆ ఒక్క అభ్యంతరం అవతలి లాయర్ లేవనెత్తలేకపోయారు. నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. "మాట్లాడుకుందాం, ఆగండి" అన్న ఫోన్ కాల్‌తోనూ ఆగదు.

6. కొత్త లాయర్‌ని, నిపుణుణ్ని కుదుర్చుకోవడం

లాయర్ మీద కేసు వేయాలంటే అదే కోర్టులో రోజూ కలిసి టీ తాగే ఇంకో లాయర్‌ని అడిగితే ఇబ్బందిపడతారు. పక్క జిల్లా నుంచో, హైకోర్టు దగ్గర ప్రాక్టీస్ చేసేవాళ్లనో చూసుకోండి. మొదటి మీటింగ్‌లోనే ఇవి అడగండి:

- అవతలి పక్షంతో మీకు ఏమైనా పరిచయం, పాత కేసుల సంబంధం ఉందా?
- ఇలాంటి పరిహారం దావాలు చేశారా, ఎక్కువగా ఆస్తి దావాలేనా?
- మొత్తం ఫీజు ఎంత, ఏ దశలో ఎంత? రాసిస్తారా?
- కోర్టు ఫీజు ఎంత పడుతుంది?

"గెలిస్తే 20 శాతం ఇవ్వండి చాలు" అనే లాయర్ దగ్గర నుంచి లేచి వచ్చేయండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నిషిద్ధం.

డబ్బుకి ఇబ్బందిగా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు వంటి వర్గాలకి ఉచిత న్యాయసహాయం ఉంటుంది, మహిళలకి ఆదాయంతో సంబంధం లేదు. హెల్ప్‌లైన్ 15100. ఆస్తి భార్య పేరు మీద కొన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

నిపుణుడి రిపోర్టు తప్పనిసరి అనుకోండి. ఇంజనీర్ తప్పు చేశాడని మీరు చెప్తే సరిపోదు, ఇంకో అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్ సైట్‌కి వచ్చి, చూసి, ఫలానా ప్రమాణం ప్రకారం ఇలా ఉండాలి, ఇలా ఉంది అని సంతకం పెట్టి ఇవ్వాలి. రిపేరు చేయించేది ఆ తర్వాతే. పగుళ్లు పూడ్చేశాక నిపుణుడు చూసేది ఏముంటుంది?

7. నష్టం లెక్క కట్టడం

"50 లక్షలు ఇప్పించండి" అని గుండ్రంగా రాయొద్దు. ఒక్కో పద్దు, దాని పక్కన రుజువు.

- కొన్న ధర, లోపం ఉన్న ఆస్తికి ఇప్పుడున్న విలువ, రెండింటి తేడా (వాల్యుయేషన్ రిపోర్టుతో)
- స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు. మన రెండు రాష్ట్రాల్లో సేల్ డీడ్‌కి చాలాచోట్ల ఏడున్నర శాతం దాకా పోతుంది, దీన్ని మర్చిపోతుంటారు
- లోన్ మీద కట్టిన వడ్డీ
- టైటిల్ కాపాడుకోవడానికి వేరే కోర్టులో పెట్టిన ఖర్చు
- లాయర్‌కో సర్వేయర్‌కో ఇచ్చిన ఫీజు
- మానసిక వేదనకి పరిహారం (వినియోగదారుల కమిషన్‌లో దీన్ని అడగడం మామూలే)

"ఆ ప్లాటు ఇప్పటికి రెండు కోట్లు అయ్యేది" లాంటి ఊహల లెక్కలు కలిపితే మిగతా లెక్క మీద కూడా జడ్జిగారికి నమ్మకం తగ్గుతుంది. నష్టం పెరగకుండా మీరు చేయగలిగింది చేశారా అని కూడా చూస్తారు. అంటే స్థలం మీద ఇంజంక్షన్‌కి ప్రయత్నించారా, అమ్మినవాణ్ని అడిగారా అని. చేసిన ప్రతి ప్రయత్నానికీ కాగితం ఉంచుకోండి.

8. నోటీసు

రెండు పేజీలు దాటొద్దు. తిట్లు వద్దు. ఏ తేదీన ఏ పని ఒప్పుకున్నారు, ఏం చేయలేదు, దానివల్ల ఏం జరిగింది, ఎంత నష్టం, ఎన్ని రోజుల్లో (15 లేదా 30) చెల్లించాలి. లాయర్ పేరుతో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్ స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్ట్‌లో, చేరిన రుజువుతో పంపాలి. ట్రాకింగ్ పేజీ వెంటనే ప్రింట్ తీసుకోండి.

జవాబు వస్తే అది మీకు బంగారం. "నాకు ఇచ్చిన కాగితాలు మాత్రమే చూశాను" అని రాశారంటే, ఆయనకి మీరు పని అప్పగించిన మాట ఒప్పుకున్నట్టే. రసీదు లేని బాబాయికి ఆ ఒక్క వాక్యమే ప్రాణం పోసింది.

9. ఫైల్ చేశాక

వినియోగదారుల కమిషన్‌లో అయితే ఈజాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, ఆపైన కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ రోజులు మీరే లెక్కపెట్టండి. ఫిర్యాదులో "ఆస్తి ఎవరిది" అన్న వాదనలోకి దిగకండి. టైటిల్ తగాదా అని సివిల్ కోర్టుకి పొమ్మంటారు. "సేవలో లోపం" దగ్గరే ఉండండి.

సివిల్ దావా నెమ్మది. కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి పెరుగుతుంది, ముందే కట్టాలి. ప్రతి వాయిదాకి ఒక డైరీ రాయండి: తేదీ, ఏం జరిగింది, తర్వాతి వాయిదా దేనికి. మీ క్రాస్ ఎగ్జామినేషన్ రోజుకి ముందు ఒపీనియన్ మళ్లీ చదవండి. బాబాయిని అడిగిన మొదటి ప్రశ్న "మీరు ఏ చదువు చదువుకున్నారు?", రెండోది "మీకు 1987 డాక్యుమెంట్ గురించి ఊళ్లో ఎవరూ చెప్పలేదా?" కంగారుపడకుండా, తెలిసింది తెలుసని, తెలియనిది తెలియదని చెప్పాడు.

10. విదేశాల్లో ఉన్నవాళ్లకి

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ప్లాటు కొన్న మనవాళ్లకి ఈ తంటా మరీ ఎక్కువ, ఎందుకంటే అన్నీ ఫోన్‌లోనే నమ్మి కొంటారు. కేసు నడపడానికి ఇక్కడ ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ముందు గానీ సంతకం చేసి పంపండి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇందుకే కవర్ మీద తేదీ ముద్ర ఉన్న పార్సిల్ కవర్‌ని పారేయకండి. ఇంకో సంగతి, మీరు స్వయంగా మాట్లాడిన విషయాలకి మీ తరఫు వ్యక్తి సాక్ష్యం చెప్పలేరు. వాంగ్మూలం మీరే ఇవ్వాల్సి వస్తుంది, వీడియో కాన్ఫరెన్స్ కోసం ముందుగానే దరఖాస్తు పెట్టించండి.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

*లాయర్ మీద ఇప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసేశారు.* వెనక్కి తీసుకుని, సివిల్ కోర్టులో వేసుకునే స్వేచ్ఛ ఇమ్మని అడగండి. తప్పు ఫోరంలో మంచి నమ్మకంతో గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించమని కోరవచ్చు. ఎంత తొందరగా బయటికొస్తే అంత బలం.

*ఒపీనియన్ నోటిమాటగా మాత్రమే చెప్పారు, కాగితం లేదు.* ఇప్పుడైనా ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా తేదీన ఈ కాగితాలు చూసి క్లియర్ అన్నారు కదా సార్, ఏ ఈసీ చూశారో చెప్తారా?" జవాబు ఎలా వచ్చినా పనికొస్తుంది.

*స్థలం మెల్లగా ఇంకొకరికి అమ్మేసి బయటపడదామనుకుంటున్నారు.* వద్దు. లోపం తెలిసి దాచి అమ్మితే మీరే మోసం కేసులో ముద్దాయి అవుతారు.

*ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి పోస్ట్ రాశారు.* తీసేయండి, పరువునష్టం కేసు ఇంకో తలనొప్పి.

12. రాజీకి వస్తే

చాలా కేసులు రాజీతోనే ముగుస్తాయి, మాదీ అంతే. అమ్మినవాడు సగానికి పైగా తిరిగిచ్చాడు, మిగతాది మధ్యవర్తిత్వంలో లాయర్‌తో తేలి, లోక్ అదాలత్‌లో రికార్డయింది. అక్కడ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, కాబట్టి సంతకానికి ముందు ఇవి చూసుకోండి:

- మొత్తం ఎంత, ఏ తేదీకి, ఎలా? వాయిదాల్లో అయితే ఒక వాయిదా తప్పితే మిగతా మొత్తం వడ్డీతో వెంటనే కట్టాలన్న షరతు ఉందా?
- ఈ రాజీ ఎవరి వరకు? లాయర్‌తో రాజీ పడితే అమ్మినవాడి మీద మీ హక్కు పోకుండా రాశారా?
- ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎవరు ఎవరికి, ఏ రోజు ఇవ్వాలి?
- రద్దు డీడ్ అవసరమైతే దాని ఖర్చు ఎవరిది?

బాబాయి చివరి వాయిదా డీడీ చేతికొచ్చాకే ఒరిజినల్ సేల్ డీడ్ ఇచ్చాడు. ముందు ఇచ్చేయమని పెద్దమనుషులు చాలా ఒత్తిడి చేశారు, ఇవ్వలేదు.